నీలం మాత్ర, ఆక్సిజన్ గది

కండరానికి ప్రాణవాయువు అందించి అలసట తీరుస్తామనే సాధనాలు రెండు ఇప్పుడు మన ముందున్నాయి. ఒకటి పీడనపు గది. మనిషిని గొట్టంలాంటి పెట్టెలో పడుకోబెట్టి, మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో గంటో గంటన్నరో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. దీన్నే హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ అంటారు. విదేశీ ఆటగాళ్ళు ఆ పెట్టెలో పడుకుని దిగిన ఫొటోలు కర్నూలు మైదానంలో పరుగెత్తే కుర్రాడి ఫోన్‌లోకీ వస్తాయి. రెండోది వారానికోసారి బడిలో టీచరమ్మ పిల్లల చేతిలో పెట్టే నీలం రంగు ఐరన్ మాత్ర. దాన్ని ఎవరూ ఫొటో తీయరు. మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేసే పిల్లలు కూడా ఉన్నారు.

ధరలో, దర్జాలో ఈ రెంటికీ పొంతనే లేదు. చేస్తామనే పని మాత్రం ఒకటే. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి తూచవచ్చు. నా తీర్పు దాచుకోను. కర్నూలు, కడప ఆటగాళ్ళకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కొరత గాలిలో కాదు, నెత్తురులో ఉంది. గాలి నింపే సాధనానికి దక్కుతున్న మోజులో పదోవంతు కూడా నెత్తురు నింపే సాధనానికి దక్కడం లేదు.

ఆటగాళ్ళంటే ఎవరో ముందు చూద్దాం. ఆదోని నుంచి వచ్చిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద భారత జట్టుకు తొలి మ్యాచ్ ఆడింది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చిన నల్లపురెడ్డి శ్రీచరణి, 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఎడమచేతి స్పిన్నర్. ఆ టోర్నీలో ఆమెకు 14 వికెట్లు దక్కాయి. వీళ్ళిద్దరూ శిఖరాలు. ఈ సీమలో రోజూ తెల్లవారకముందే బూట్లు కట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఏ స్కోరుబోర్డు మీదా కనిపించవు. నంద్యాలలో గదులు అద్దెకు తీసుకుని కోచింగ్‌కు పోతూ, పోలీసు ఉద్యోగం కోసం 1,600 మీటర్లు పరుగెత్తేవాళ్ళు వాళ్ళు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ దేహదారుఢ్య పరీక్షలు ముగిసేసరికి 2025 వచ్చేసింది. అన్నాళ్ళు ఒంటిని పరుగుకు సిద్ధంగా ఉంచుకోవడమంటే అలసటతో కాపురం చేయడమే. ‘తొడలు పట్టేసినాయన్నా, రేపు దమ్ము రాదు’ అనే కుర్రాడికి మందుల షాపులో దొరికే ఆక్సిజన్ డబ్బా సంజీవనిలా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

ఆక్సిజన్ మీద ఈ నమ్మకానికి ఇటీవలి కారణం ఒకటుంది. 2021 మే నెల రాయలసీమ మరచిపోయేది కాదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై, సరఫరాలో ఒత్తిడి పడిపోయి, 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. సిలిండర్ కోసం జనం ఊళ్ళు తిరిగిన రోజులవి. పల్సాక్సిమీటర్ ఇంటింటి వస్తువయింది. వేలికి తగిలించి 95కు పైన అంకె కనిపిస్తే ఊపిరి పీల్చుకోవడం అందరికీ అలవాటయింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి ఆక్సిజన్ ప్రాణమే, అందులో వాదన లేదు. పొరపాటంతా ఆ పాఠాన్ని ఊపిరితిత్తులు బాగున్న పరుగువీరుడికి అంటగట్టడంలో ఉంది. కర్నూలు సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఎత్తులో ఉంది, కడప అంతకన్నా పల్లం. గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది, దాన్ని లోపలికి నెట్టే ఒత్తిడికీ ఇక్కడ లోటు లేదు. ఆరోగ్యవంతుడి వేలికి మీటరు తగిలిస్తే 97, 98 చూపిస్తుంది. పరుగు ముగిసి వగరుస్తున్నప్పుడు కూడా ఆ అంకె పెద్దగా కిందికి రాదు.

ఇక్కడే ఒక మోసం ఉంది. రక్తం తక్కువున్న అమ్మాయి వేలికి అదే మీటరు పెట్టినా 98 చూపిస్తుంది. మీటరు చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందన్న సంగతి మాత్రమే, హిమోగ్లోబిన్ ఎంతుందో అది చెప్పదు. బేతంచెర్ల నుంచి వెళ్ళే బండల లారీలన్నీ నిండుగా పోతున్నాయంటే సరుకు బాగా కదులుతోందని కాదు, అసలు ఎన్ని లారీలు తిరుగుతున్నాయో కూడా తెలియాలి. 98 చూసి తృప్తిపడే కోచ్‌కు లారీల లెక్క అందదు.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 14 గ్రాములున్న మనిషి 100 మిల్లీలీటర్ల రక్తంలో 18 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. 9 గ్రాములే ఉన్న అమ్మాయి రక్తంలో 12 లోపే. హిమోగ్లోబిన్‌తో పనిలేకుండా నీళ్ళలో చక్కెరలా నేరుగా కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. ముక్కుకు మాస్కు కట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే కరిగిన భాగం రెండు దాకా పెరుగుతుంది. రెండున్నర రెట్ల ఒత్తిడి ఉన్న గదిలోనైతే అది సుమారు ఐదుకు చేరుతుంది. ఐదు మిల్లీలీటర్లు చిన్న సంగతి కాదు, ఒప్పుకుంటాను. గది అద్భుతమంతా ఈ ఐదులోనే ఉంది. గది తలుపు తీసిన కొద్ది నిమిషాలకు నెత్తురులోని ఆ ఐదూ మాయమవుతుంది. మాత్రతోనో తిండితోనో హిమోగ్లోబిన్ ఒకటిన్నర గ్రాము పెరిగితే, మాస్కు ఇచ్చే ఆ రెండు మిల్లీలీటర్లు పగలూ రాత్రీ, పరుగులోనూ నిద్రలోనూ ఒంట్లోనే ఉంటాయి. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. దీనికి కరెంటు బిల్లు లేదు.

‘గది ఆటలో సాయానికి కాదు, ఆట తర్వాత కోలుకోవడానికి’ అని గది పక్షం వాళ్ళు అంటారు. న్యాయమైన మాటే. అయితే కోలుకోవడమంటే ఏమిటో తేలాలి. 1920లలో ఇంగ్లండు శాస్త్రవేత్త ఎ.వి.హిల్ ‘ఆక్సిజన్ అప్పు’ అనే భావన ఇచ్చాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు కండరం అప్పు చేస్తుందనీ, ఆగాక వగర్చి ఆ అప్పు తీరుస్తుందనీ దాని సారం. అప్పు అనేసరికి మనవాళ్ళకు ఇట్టే అర్థమైపోతుంది, డబ్బా అమ్మేవాడికి కూడా ఆ మాటే పెట్టుబడి. కానీ ఆ అప్పులో పెద్ద భాగం కొన్ని నిమిషాల్లోనే తీరిపోతుంది. నిందలన్నీ మోసే లాక్టిక్ ఆమ్లం గంట, గంటన్నరలో రక్తంలోంచి తొలగిపోతుంది. మర్నాడు పొద్దున మెట్లు దిగనివ్వని నొప్పి వేరే జాతి. సాగుతూ బరువు మోసిన కండరంలో సన్నని పోగులు చిట్లి, వాపు వచ్చి, 24 నుంచి 72 గంటల మధ్య ఆ నొప్పి ముదురుతుంది. ఫాస్ట్ బౌలర్ ముందుకాలు నేలకు గుద్దుకున్నప్పుడూ, దిగుడులో పరుగెత్తినప్పుడూ తొడకు జరిగేది ఇదే. కండరంలో ఖర్చయిన గ్లైకోజెన్ మళ్ళీ నిండటానికి దాదాపు ఒక రోజు, సరిపడా తిండీ కావాలి. ఈ పనులన్నింటికీ మామూలు గాలిలోని ఆక్సిజన్ సరిపోతుంది.

డబ్బా సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. పరుగు ముగించినవాడు నిమిషానికి 80, 100 లీటర్ల గాలి పీలుస్తాడు. పది, పన్నెండు లీటర్ల డబ్బా ఆ లెక్కన పది సెకన్లకు కూడా చాలని సరుకు. 1989లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయిన ఒక ప్రయోగంలో, 12 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు కఠిన వ్యాయామాల మధ్య విరామంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి చూశారు. లాక్టేట్ తగ్గలేదు, తర్వాతి పరుగు మెరుగుపడలేదు, ఆటగాళ్ళకు తాము పీల్చింది ఆక్సిజనో మామూలు గాలో కూడా తేడా తెలియలేదు.

గదిని అంత తేలిగ్గా తీసేయలేం, దాని పక్షాన కొన్ని పరిశోధనలున్నాయి. 1999లో కెనడాలో స్టేపుల్స్ బృందం వ్యాయామం అలవాటు లేని మగవాళ్ళ తొడ కండరాలకు కావాలనే శ్రమ పెట్టి, కొందరిని గదిలో ఉంచి చూసింది. గదిలో ఉన్నవాళ్ళ కండరబలం కొంత త్వరగా తిరిగొచ్చింది, నొప్పిలో మాత్రం తేడా రాలేదు. మరుసటి ఏడాది మెకియావిచ్ బృందం మోచేతి కండరాల మీద, ఇంకా కట్టుదిట్టంగా అదే ప్రశ్న వేసింది. ఆ కట్టుదిట్టం గమనించదగ్గది. పోలిక కోసం ఎంచుకున్నవాళ్ళను కూడా గదిలోకే పంపి, అంతే ఒత్తిడి పెట్టి, కేవలం 8 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి ఇచ్చారు. ఆ ఒత్తిడి దగ్గర అది మనం రోజూ పీల్చే గాలితో సమానం. చెవులు దిబ్బెళ్ళు పడటం, యంత్రం హోరు, పక్కన తెల్లకోటు మనిషి, అన్నీ ఇద్దరికీ ఒకటే. ఏడు రోజులు రోజుకో గంట చొప్పున చికిత్స చేసినా నొప్పిలో గానీ, బలంలో గానీ, వాపులో గానీ తేడా రాలేదు. ఆ రెండు పరిశోధనల్లో నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను. ఖరీదైన పెట్టెలో గంటసేపు పడుకుని లేచినవాడు ‘తేలిగ్గా ఉంది’ అనకుండా ఎలా ఉంటాడు? ఆ తేలికలో ఆక్సిజన్ వాటా ఎంత, పడుకున్నందుకు వచ్చినదెంత అని విడదీసింది ఈ ప్రయోగమే.

2005లో కోక్రేన్ సమీక్ష అప్పటికున్న తొమ్మిది చిన్న ప్రయోగాలను, 219 మంది ఫలితాలను కలిపి చూసింది. కండర నొప్పికి గది మేలు చేసిన ఆధారం దొరకలేదు సరికదా, శ్రమ పడిన వెంటనే గది చికిత్స మొదలుపెట్టినవాళ్ళకు 48, 72 గంటల దగ్గర నొప్పి కొంచెం ఎక్కువగానే ఉంది. ఆ తర్వాత 2022లో ఇజ్రాయెల్ బృందం నలభైలలో ఉన్న ఔత్సాహిక ఆటగాళ్ళకు 40 సార్లు గది చికిత్స చేసి, ఆక్సిజన్ వాడుకునే శక్తి పెరిగిందని చూపించింది. ఇది గౌరవించాల్సిన ప్రయోగమే. కాకపోతే అది నడివయసువాళ్ళ శక్తి గురించి చెబుతుంది, ఇరవై ఏళ్ళ కుర్రాడి తొడనొప్పి గురించి ఏమీ చెప్పదు. అమ్మకందారు ఆ రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేస్తాడు. జిప్పు పెట్టిన మెత్తటి సంచీ గదులను కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. వాటిలో ఒత్తిడి మామూలు గాలికి 1.3 రెట్లు మాత్రమే. మామూలు గాలి నింపితే లోపల పీల్చేది బయట 27 శాతం ఆక్సిజన్ పీల్చినదానితో సమానం. పెద్ద గది మీద జరిగిన ప్రయోగాల ఫలితాలను దీనికి తగిలించడం వ్యాపారం.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. క్రీడాలోకంలో ఒక వర్గం ఎక్కువ ఆక్సిజన్ కొనుక్కుంటుంటే, మరో వర్గం తక్కువ ఆక్సిజన్ కొనుక్కుంటోంది. గాలి పలచనైన కొండల మీద నిద్రపోయి, కింద సాధన చేస్తే ఎర్రకణాలు పెరుగుతాయని 1997లో లెవిన్, స్ట్రే-గండర్సన్ చూపించారు. వాళ్ళ ఆటగాళ్ళు 2,500 మీటర్ల ఎత్తులో పడుకుని 1,250 మీటర్ల దగ్గర పరుగెత్తారు. మన దూరపు పరుగువాళ్ళు ఊటీ శిబిరాలకు వెళ్ళేది ఇందుకే. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ చల్లగా ఉంటుంది గానీ ఎత్తు 1,300 మీటర్ల లోపే, నెత్తురు దాన్ని కొండగా లెక్కలోకి తీసుకోదు. ఎక్కువా మంచిదే, తక్కువా మంచిదే అనే ఈ బజారులో అసలు రహస్యం కొండవాళ్ళ దగ్గరే ఉంది. చివరికి వాళ్ళు పెంచుకుంటున్నది హిమోగ్లోబిన్‌నే. దానికి ముడిసరుకు ఇనుము. ఒంట్లో ఇనుము నిల్వ లేనివాళ్ళు కొండెక్కినా ఫలం దక్కదు.

ఇప్పుడు మాత్ర వైపు ప్రయోగాలు చూద్దాం. 1979లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో శ్రీలంక తేయాకు తోటల మీద ఒక పరిశోధన వచ్చింది. రక్తహీనత ఉన్న కూలి ఆడవాళ్ళకు ఐరన్ ఇస్తే వాళ్ళు కోసే ఆకు పెరిగింది. క్రీడాశాస్త్రం లెక్కల్లోకి ఆ తల్లులు రారు గానీ, రోజంతా నిలబడి బుట్ట మోసే పనికి మించిన ఓర్పు పరీక్ష ఏముంది? 2000లో అమెరికాలో హింటన్ బృందం 42 మంది ఆడవాళ్ళను తీసుకుంది. వీళ్ళకు రక్తహీనత లేదు, ఇనుము నిల్వలు మాత్రం అడుగంటాయి. ఆరు వారాల ఐరన్, సాధన తర్వాత 15 కిలోమీటర్ల సైకిల్ పరీక్షలో మాత్ర తీసుకున్నవాళ్ళు ఎక్కువ మెరుగయ్యారు. 2003లో బ్రట్‌సార్ట్ బృందం చేసిన ప్రయోగం మన ప్రశ్నకు మరీ దగ్గరిది. అలాంటి ఆడవాళ్ళ చేతనే మోకాలు చాపే వ్యాయామం పదేపదే చేయించి, తొడ కండరం ఎప్పుడు సొలుస్తుందో కొలిచారు. ఆరు వారాల ఐరన్ తర్వాత ఆ కండరం అలసటకు ఎక్కువసేపు నిలబడింది.

ఇవీ చిన్న ప్రయోగాలే, గది ప్రయోగాల్లాగే. తేడా ఎక్కడంటే, గదిని నిండుకుండల మీద పరీక్షించారు, మాత్రను అడుగంటినవాళ్ళ మీద. మన దగ్గర ఎవరు ఎక్కువ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆడవాళ్ళకు గీత 12 గ్రాముల దగ్గర. ఆటలకు వచ్చే పిల్లలంతా ఈ ఇళ్ళ నుంచే వస్తారు. పడమటి కర్నూలులో, కోసిగి, ఆదోని వైపు, వాన మొహం చాటేసిన ఏడు ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతుంది. గుంటూరు మిరపచేలల్లో డేరా వేసుకున్న కుటుంబంలోని పిల్ల ఆ నెలల్లో తినేది ఎక్కువగా అన్నం, కారం. బడి లేదు కాబట్టి మాత్రా లేదు, బడి భోజనంలోని గుడ్డూ లేదు.

తిండి మార్పు కూడా చిన్నది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. జొన్నలో 4 దాకా, రాగిలో 4.6, సజ్జలో 6.4. సీమ తాతలు తిన్న సంకటి, సద్దరొట్టె బీదతిండి అనిపించుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయి, ఇప్పుడు నగరాల్లో మిల్లెట్ హోటళ్ళ బోర్డెక్కాయి. సంకటిలో ఇనుమంతా ఒంటికి పట్టదన్నది నిజమే, గింజల్లోని ఫైటేట్లు దాన్ని పట్టేసుకుంటాయి. అయినా 0.65తో మొదలుపెట్టే కన్నా నయం. రేషన్ బియ్యంలో ఐరన్ కలిపిన గింజలు వచ్చినప్పుడు, వాటిని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేసిన ఇళ్ళున్నాయి. నమ్మకం కలిగించకుండా పోషకాలు పంచితే ఇంతే.

మాత్రను మోసేసి గదిని దించేయడం విమర్శ కాదు కాబట్టి మాత్ర లోపాలూ చెప్పాలి. కడుపులో తిప్పడం, మలబద్ధకం, మలం నల్లగా రావడం పిల్లల్ని బెదరగొడతాయి. చిట్లిన కండరపు పోగులను అది అతకదు. ఇనుము చాలినంత ఉన్నవాడికి దానివల్ల లాభం సున్నా. థలసీమియా వంటి రక్తదోషాలున్నవాళ్ళకూ, లోపం లేని మగపిల్లలకూ దీర్ఘకాలం గుడ్డిగా పోస్తే కీడే. రక్తం తక్కువవడానికి ఇనుమొక్కటే కారణం కాదు, బి12 లోపం, కొంకిపురుగులు కూడా ఉంటాయి. ‘సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తే వారంలో గుర్రంలా పరుగెడతావు’ అనే సలహా మరీ ప్రమాదం. ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించుకోవడం ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన పద్ధతి. పీల్చే ఆక్సిజన్‌కు మాత్రం ఆ సంస్థ జాబితాలో నిషేధం లేదు. అనుమతి ఉందంటే ఫలితం ఉందని కాదు.

గదికీ దాని చోటు దానికుంది. సముద్రంలోంచి తొందరగా పైకొచ్చిన డైవర్‌కు, కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కినవాడికి, మానని కొన్ని డయాబెటిక్ పుండ్లకు అది నిజమైన మందు. సుగర్ పుండుతో కాలు పోగొట్టుకునే మనుషులు కర్నూలు పెద్దాసుపత్రికి, కడప రిమ్స్‌కు వస్తూనే ఉంటారు. ఎవరైనా దాత గది కొనిస్తానంటే అక్కడికి ఇవ్వమనండి, నిపుణులతో సహా. నిపుణులు ఎందుకంటే, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో నిప్పురవ్వ బాంబవుతుంది. 2025 జనవరిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చికిత్సలో ఉన్న ఐదేళ్ళ పిల్లవాడు గది అంటుకుని చనిపోయాడు. కర్ణభేరి దెబ్బతినడం, అరుదుగా ఫిట్స్ రావడం వేరే.

కడప క్రీడా పాఠశాలలోనైనా, మండలస్థాయి కబడ్డీ జట్టులోనైనా, పోలీసు పరుగు కోచింగ్‌లోనైనా ఏటా రెండుసార్లు హిమోగ్లోబిన్, వీలైతే ఇనుము నిల్వ తెలిపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, ఆ అంకెలు కోచ్ పుస్తకంలో పరుగు టైము పక్కనే రాస్తే గది గురించి మాట్లాడే అర్హత అప్పుడొస్తుంది. లోపం తేలినవాళ్ళకు డాక్టరు ఐరన్ రాస్తే, వేళ కూడా చూసుకోవాలి. గట్టి సాధన తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి పేగుల్లో ఇనుము దారి మూసేస్తుంది. కాబట్టి పొద్దున సాధన చేసినవాళ్ళు మధ్యాహ్నం భోజనం తర్వాత, టీ గ్లాసుతో మింగే మాత్రలో చాలా భాగం వృథా. పొద్దున సాధనకు ముందో, ముగిసిన అరగంటలోపో, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి. టీ రెండు గంటల తర్వాత.